కంటికి కనిపించని స్థాయి, కళ్లెదుటి విశ్వం: ఆ పరిశోధన బతుకుతెరువు అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. ప్లాంక్ స్థాయిలోని భౌతికశాస్త్రం జాడలు విశ్వ పరిశీలనల్లో దొరుకుతాయా అన్న అంశంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. కనిపించని దాని వెంట పడేకంటే డేటా సైన్స్ మేలు కాదా? - ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు దారుల పోలికే అయినా, మీ అసలు బెంగ అమ్మాయి ఎక్కడ స్థిరపడుతుందోనన్నది. ఆ బెంగను అర్థం చేసుకోగలను గానీ, ఆమె ఎంచుకున్న అంశాన్ని తెలుసుకోకుండానే ‘కనిపించనిది’ అని తీసిపారేయడం మాత్రం సరికాదు. విశ్వం పుట్టిన తొలినాళ్ల నుంచి మిగిలి, ఆకాశమంతా నిండి ఉన్న మసక వెలుగైన విశ్వ నేపథ్య వికిరణంలో లక్షలో ఒక వంతు స్థాయి ఉష్ణోగ్రత తేడాలున్నాయని కోబ్ ఉపగ్రహ బృందం 1992లోనే ప్రకటించింది. తొలి క్షణాల్లో విశ్వం విపరీతమైన వేగంతో విస్తరించినప్పుడు సూక్ష్మమైన క్వాంటం కంపనాలు సాగిపోయి ఆ తేడాలుగా, ఆపైన గెలాక్సీలకు బీజాలుగా మారాయని ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతం చెబుతుంది. ఆ విస్తరణ చాలినంత కాలం సాగి ఉంటే, ఆ కంపనాల్లో కొన్ని ఒకప్పుడు 1.6×10⁻³⁵ మీటర్ల ప్లాంక్ దైర్ఘ్యం కంటే చిన్నవై ఉండాలి. అంత చిన్న స్థాయిలో మనకు తెలిసిన భౌతికశాస్త్ర సూత్రాలు సరిపోవు; అక్కడి కొత్త భౌతికశాస్త్రం ఆ తేడాల్లో ఏదైనా జాడ వదిలిందా? మీ అమ్మాయి ప్రశ్న పుట్టింది అక్కడే.

అయితే ఈ రంగానికి ఇప్పుడున్న ఆకర్షణపై నాకూ సందేహాలున్నాయి. ఆ జాడ ఎంత బలంగా ఉంటుందన్నది ఇన్‌ఫ్లేషన్ నాటి విస్తరణ శక్తికీ, కొత్త భౌతికశాస్త్రం మొదలయ్యే శక్తికీ మధ్య నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఆ రెండోది ప్లాంక్ దైర్ఘ్యానికి సరితూగే ప్లాంక్ శక్తే అయితే, నిష్పత్తి లక్షలో కొన్ని వంతులకు మించదని ఇప్పటి పరిశీలనలు సూచిస్తున్నాయి. కొన్ని లెక్కల్లోనైతే జాడ ఆ నిష్పత్తి వర్గమంతే (స్క్వేర్), అంటే ఇంకా ఎంతో చిన్నదిగా మిగులుతుంది. పైగా మనకున్నది ఒకే ఆకాశం కాబట్టి, పెద్ద కోణాల కొలతల్లోని అనిశ్చితిని ఎంత మంచి పరికరమూ తొలగించలేదు. తొందరపాటు ప్రమాదమూ ఉంది: 2014లో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం ఇన్‌ఫ్లేషన్ నాటి ఆదిమ గురుత్వ తరంగాల సంకేతంగా ప్రకటించిన దాన్ని మన గెలాక్సీలోని ధూళితోనే వివరించవచ్చని మరుసటి ఏడాది ఉమ్మడి విశ్లేషణలో తేలింది. కాబట్టి పరిశీలనలతో సంబంధం లేని సిద్ధాంతం ఒక్కటే చేస్తానంటే నేను ప్రోత్సహించను.

సిద్ధాంతాన్నీ దత్తాంశాన్నీ కలిపి పనిచేసే మార్గదర్శి దొరికితే మాత్రం మీరు భయపడవలసిన పని లేదు. బేయీసియన్ గణాంకాలు (కొత్త ఆధారాలను బట్టి అంచనాలను సవరించుకునే పద్ధతి), భారీ కంప్యూటింగ్, సంకేతాన్ని రొద నుంచి వేరుచేయడం ఆ పరిశోధనలో నిత్యకృత్యాలు. మీరు చెబుతున్న డేటా సైన్స్‌కు కావలసినవీ అవే కనుక, పోల్చడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఈ మాట అమ్మాయి మీకు చెప్పే అవకాశం మీరిచ్చారా? ఇవ్వకపోతే ఈ రాత్రే ఆమెను కూర్చోబెట్టి వినండి. చేరబోయే బృందంలో లోగడ పీహెచ్‌డీ చేసినవారు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో దరఖాస్తుకు ముందే ఆ మార్గదర్శిని అడిగి తెలుసుకోమనండి.