పాట రెండు నెలలు, ఖర్చు పన్నెండు నెలలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ట్రినిడాడ్‌లో స్థిరపడ్డాం. మా అబ్బాయికి 24 ఏళ్లు, పుట్టుకతో చూపు లేదు. ఇక్కడి పాటల శైలి కాలిప్సోలో అప్పటికప్పుడు పదాలు కట్టి పాడే ఎక్స్‌టెంపోనే వృత్తిగా ఎంచుకున్నాడు. గత కార్నివాల్ సీజన్‌లో 48 వేల ట్రినిడాడ్ డాలర్లు వచ్చాయి, తర్వాత ఒకటీ అరా కార్యక్రమాలే. మా తదనంతరం అతనికి ఆధారంగా ఉంటుందని హైదరాబాద్‌లో అప్పు చేసి ఫ్లాట్ కొందామనుకుంటున్నాం. మీరేమంటారు?

జవాబు: ఇప్పుడు వద్దు. సంపాదన డాలర్లలో, అదీ సీజన్‌కే. వాయిదాలేమో నెలనెలా రూపాయల్లో. అద్దెకున్నవారు ఖాళీ చేస్తే ట్రినిడాడ్ నుంచి ఆ ఇల్లు ఎవరు చూసుకుంటారు?

కొత్త ఏడాదిలో తెరుచుకునే కాలిప్సో టెంట్లు, అంటే ఆ పాటల ప్రదర్శన వేదికలు, కార్నివాల్‌తో మూతపడతాయి. అందుకే ఆ 48 వేలను క్రెడిట్ యూనియన్ అనే సహకార పొదుపు సంఘంలోనో, అక్కడి మ్యూచువల్ ఫండ్ సంస్థ యూనిట్ ట్రస్ట్ కార్పొరేషన్ ఇన్‌కమ్ ఫండ్‌లోనో ఉంచి, నెలకు 4 వేలు జీతంలా తీసుకోమనండి. అక్కడి సూసూ మన చీటీల్లాంటిదే, కానీ పాట ఉండదు, వడ్డీ రాదు. అత్యవసర నిధిని అందులో పెట్టవద్దు. అవసరం ముందొచ్చి వంతు వెనకొస్తే చిక్కే.

మీ ఉత్తరంలో కనిపించని ఖర్చు ఒకటుంది: తోడు మనిషి. పోటీలో అంశం రాసిన కాగితం తీస్తే దాన్ని చదివి వినిపించేవారు కావాలి. ఆగస్టులో లండన్, టొరంటో కార్నివాళ్లకు పిలుపు వస్తే రెండు టికెట్లు. ఈ ఖర్చు పారితోషికంలోనే కలిపి అడగాలి. మొహమాటపడితే ప్రతి ప్రయాణమూ నష్టమే.

ఆశువుగా పాడినది ఆ రాత్రితోనే పోతుంది, రికార్డు చేస్తేనే రాయల్టీకి దారి. ఏటా రెండు మూడు సొంత పాటలు రికార్డు చేయించి, సంగీత హక్కుల సంస్థ సీఓటీటీలో నమోదు చేయించండి. కంపెనీల విందుల్లో అతిథుల మీద సరదాగా పాడించుకునే ఆనవాయితీ అక్కడ ఉంది. ఖాళీ నెలలకు అదే మంచి ఆదాయం. ఏడాదికి 90 వేల డాలర్లలోపు ఆదాయానికి పన్ను పడదు. అయినా రసీదులు దాచండి. ప్రభుత్వ వైకల్య భృతికి ఆదాయ పరిమితి ఉంది కాబట్టి దాన్ని బడ్జెట్‌లో కలపవద్దు.

ఖాతా అతని పేరు మీదే, అతని చేతిలోనే ఉండాలి. చూపు లేదని చెక్‌బుక్, ఏటీఎం, నెట్ బ్యాంకింగ్ నిరాకరించకూడదని మన రిజర్వ్ బ్యాంకు 2008లోనే ఆదేశించింది. ఇండియాలో ఖాతా తెరిస్తే గట్టిగా అడగండి. ముందు మీ వీలునామా రాయండి. రెండు సీజన్ల తర్వాత, అప్పు లేకుండా కొనగలిగితే ఫ్లాట్ సంగతి చూద్దాం.