సేనాపతిని తీసెయ్యి, ముసలమ్మను బతికించు

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి తమ్ముడికి,

నీ నవల మూడో అధ్యాయం దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. రాత్రి నిద్రపట్టక మళ్లీ తీశాను కాబట్టే ఈ ఉత్తరం. భాష బాగుంది, ఆ సంగతి నీకూ తెలుసు.

రెండు దేశాలు కల్పించావు, మధ్యలో ఒక లోయ పెట్టావు, దానికోసం సైన్యాలను నడిపించావు. ఆ లోయలో ఏం పండుతుంది? శిస్తు ఎవరికి కడతారు? సేనాపతి ఉపన్యాసం మాత్రం నాలుగు పేజీలు!

సరిహద్దు యుద్ధమంటే గట్టు తగాదానే. నేను ఈ మాట అన్నప్పుడల్లా సభల్లో నవ్వుతారు, నవ్వనీ. అంతకుముందు మన దేశం మొహమే చూడని ఇంగ్లీషు లాయరు రాడ్‌క్లిఫ్ 1947లో ఐదు వారాల్లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య గీత గీసేశాడు. అది బయటపెట్టింది ఆగస్టు 17న. స్వాతంత్ర్యం వచ్చాక కూడా తమ ఊరు ఎటు పడిందో తెలియని రైతులున్నారన్నమాట. బెంగాల్‌లో కూచ్ బిహార్ వైపు 2015 దాకా బంగ్లాదేశ్ లోపల మన భూమి ముక్కలు 111, మన లోపల వాళ్లవి 51 ఉండేవి. అలాంటి ముక్కలోంచి ఆవు తప్పిపోయిన రోజున మొదలుపెట్టు నీ నవల. అంత దూరం ఎందుకు, కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవాలకు కారంపూడి వెళ్లు. గడువు తీరినా మాచర్ల తిరిగి ఇవ్వనన్నందుకే కదా నాగులేటి ఒడ్డున అన్నదమ్ములు కత్తులు దూశారు.

కార్గిల్ ఏడాది ఒక వారపత్రిక ప్రత్యేక సంచికకు కథ అడిగింది. ఖాళీ చేయించిన ఊళ్లో, పొదుగు గట్టిపడి, పితికేవాళ్లు లేక రాత్రంతా అరిచే గేదె మీద రాశాను. సంపాదకుడు గేదెను తీసేసి చివర జెండా పెట్టాడు. వీరుడు చావాలి, తల్లి ఏడవకూడదు: ఇప్పటికీ పోటీల్లో బహుమతులు ఆ లెక్కనే ఇస్తున్నారు. నీ సేనాపతి కూడా అక్కడినుంచే వచ్చాడని నా అనుమానం.

పన్నెండో అధ్యాయంలో ఆ ముసలమ్మ ఎక్కడ దొరికింది నీకు? ఊరు వదలమని సైనికుడు తొందరపెడుతుంటే "విత్తనాల కుండ ఎవరు మోస్తారు?" అంటుంది. అక్కడ కాసేపు చదవలేకపోయాను. తర్వాతి పేజీలోనే ఆమెను బాంబు వేసి చంపేశావు. ఎందుకంత తొందర? ఆ కుండలో ఏ విత్తనం ఉందో, బూడిద కలిపిందో వేపాకు వేసిందో, మూతి పేడతో అలికిందో లేదో నువ్వు చూడనేలేదు.

కలం పేరు, ప్రచురణకర్తలు వగైరా తర్వాత చూద్దాం. ముందు ఆ లోయ పటం గీసి పంపు. బావులు, బండ్ల దారి, చెరువు తూము అన్నీ ఉండాలి. నవల తిరగరాశాక పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే అచ్చు తీయించి పంపు. నా కళ్లు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య