కాజేసిన సొమ్ము కక్కించని శిక్ష నాకు శిక్షే కాదు

వృద్ధులను, నిస్సహాయులను మోసగించేవారికి ఏ శిక్ష న్యాయమని అడిగారు. కాజేసిన ప్రతి రూపాయీ వడ్డీతో సహా కక్కేదాకా వాళ్లను జైలు గడప దాటనివ్వకూడదు. ఎన్నేళ్లు అన్నది ఆ తరవాతి మాట.

మా మేనత్త ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఒంటరిగా ఉంటారు. ఒక ఉదయం ఎవడో ఫోను చేసి, ఆవిడ పేరుతో వెళ్లిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయన్నాడు. ఆ వెంటనే వీడియో కాల్‌లో ఖాకీ చొక్కావాడు ప్రత్యక్షమయ్యాడు. 'మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోను ఆపితే ఇంటికి జీపు వస్తుంది, ఎవరికి చెప్పినా వాళ్లూ జైలుకే' అన్నాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. ఆవిడకు ఆ సంగతి చెప్పేవారు పక్కన లేరు. ఫోనును పోపుల డబ్బాకు ఆనించి, వాడు చూస్తుండగానే అన్నం వండుకున్నారు. తరగతి గదిలో ఆవిడ గొంతు విని పిల్లలు సర్దుకుని కూర్చునేవారు. అలాంటి మనిషి, మనవడి ఈడువాడిని 'సార్, బీపీ మాత్ర వేసుకోవచ్చా?' అని అడిగారు. రాత్రి గదిలో లైటు కూడా ఆర్పనివ్వలేదు.

మరునాడు ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేయించి, వాడు చెప్పిన ఖాతాకు పంపించారు. బ్యాంకులో అడిగితే మనవరాలి పెళ్లికని చెప్పమన్నాడట. అక్కడ ఎవరూ అడగనే లేదు. పింఛనుదారులు బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించాలి. ఒంటరి ముసలావిడ జీవితకాలపు పొదుపు ముక్కూమొహం తెలియని ఖాతాకు పోతుంటే మాత్రం ఒక్క ప్రశ్న వేసే దిక్కు లేదు!

డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేస్తే ఖాతాలను స్తంభింపజేసే వీలుంటుంది. ఆవిడ భయంతో నోరు విప్పేసరికి సొమ్ము చేతులు మారిపోయింది, దొరికింది కొసరు మాత్రమే. పైగా బంధువుల దెప్పిపొడుపులు: 'చదువుకున్నావిడ, ఎలా నమ్మింది?' హరియాణాలోని అంబాలాలో వృద్ధ దంపతులకు ఏకంగా సుప్రీంకోర్టు పేరుతోనే దొంగ ఉత్తర్వులు చూపించి కోటి రూపాయలకు పైగా దోచుకున్నారు. 2025 అక్టోబరులో ఆ కోర్టే దాన్ని సుమోటోగా, అంటే తనంతట తానే విచారణకు తీసుకుంది. కోర్టు ముద్రలనే సృష్టించేవాళ్ల ముందు చదువేం చేస్తుంది? ఇలా దెప్పేవాళ్ల వల్లే సగం మంది ఫిర్యాదు చేయకుండా కుమిలిపోతున్నారని నా గట్టి నమ్మకం.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసగించి సొమ్ము రాబడితే గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. పాత ఐపీసీ 420వ సెక్షన్ కిందా అంతే. పాతికేళ్లవాడి సొమ్ము పోయినా, మళ్లీ సంపాదించుకునే వయసు దాటిన మనిషి సొమ్ము పోయినా చట్టానికి ఒకటే. ఇది మారాలి. నేరంతో కూడబెట్టిన ఆస్తిని జప్తు చేసి బాధితులకు పంచే దారి నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 107వ సెక్షన్‌లో ఉంది. కోర్టు ఆదేశిస్తే జిల్లా మేజిస్ట్రేటు 60 రోజుల్లో పంచాలి. దాన్ని ఇలాంటి ప్రతి కేసులోనూ వాడాలి.

ఇక కమీషన్‌కు ఆశపడి బ్యాంకు ఖాతా అద్దెకిచ్చేవాళ్లు. పట్టుబడగానే 'నాకేమీ తెలియదు' అంటారు. ఖాతాలే దొరక్కపోతే ఆ ఖాకీ చొక్కావాడు సొమ్ము ఎక్కడ వేయించుకుంటాడు? వీళ్లనూ అసలు దొంగతో సమానంగా ముద్దాయిలను చేసి, ముందు వీళ్ల పేరు మీదున్న బండీ, స్థలమూ వేలం వేయాలి.