‘గొడవ’ అనకండి, ‘జబ్బు’ అని చెప్పండి

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు. స్కిజోఫ్రీనియా ఉంది, మందులు మానేశాడు. పోయిన నెల ఒక రాత్రి కత్తిపీట పట్టుకుని గదిలో కూర్చున్నాడు. భయమేసి 112కు ఫోన్ చేశాను. కానిస్టేబుళ్లు వచ్చి, చేతులు వెనక్కి విరిచి తువ్వాలుతో కట్టి తీసుకెళ్లారు. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. డల్లాస్‌లో ఉండే మా మేనకోడలు, అక్కడ పోలీసులతో పాటు కౌన్సిలర్ కూడా వస్తారంటోంది. నేను చేసింది తప్పా?
– ఒక అక్క, హనుమకొండ

జవాబు: తప్పు కాదమ్మా. చేతిలో కత్తిపీట ఉన్నప్పుడు ఇంకెవర్ని పిలుస్తారు?

మీ మేనకోడలు చెప్పింది నిజమే. డల్లాస్‌లో 2018లో ‘రైట్ కేర్’ మొదలుపెట్టారు. పోలీసు, పారామెడిక్, మానసిక ఆరోగ్య నిపుణులు ఒకే బండిలో వస్తారు. మనకున్న లోటు ఆ మూడో మనిషిదే.

నేను 22 ఏళ్లు సైకియాట్రీ వార్డులో నర్సుగా చేశాను. ఒక రాత్రి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. మణికట్ల మీద తాడు అచ్చులు. ఎవరు దగ్గరికొచ్చినా గోడకు అతుక్కుపోతున్నాడు. వెంట వచ్చిన హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి పక్కన పెట్టి, తనూ నేల మీద కూర్చుని, “అన్నం తిన్నవా బిడ్డా?” అన్నాడు. అరగంట తర్వాత ఆ కుర్రాడే చెయ్యి చాచి ఇంజెక్షన్ వేయించుకున్నాడు. ఆయనకు అది ఎవరూ నేర్పలేదు. నేర్పితే ప్రతి స్టేషన్‌లోనూ అలాంటివాళ్లు ఉంటారని నా నమ్మకం.

అందాకా ఆ మూడో మనిషి పని కొంత మీరే చేయాలి. ఫోన్‌లో “గొడవ చేస్తున్నాడు” అంటే గొడవ ఆపడానికే వస్తారు. “మా తమ్ముడికి మానసిక జబ్బు, మందులు మానేశాడు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి” అనండి. చేతిలో ఏముందో దాచకండి. మందుల చీటీ గుమ్మంలోనే చూపించండి. వాకిట్లో గుమిగూడిన వాళ్లను పంపించేయండి, జనాన్ని చూస్తే వాడి భయం రెట్టింపవుతుంది. ఇంకో ఫోన్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఇలా తీసుకెళ్లిన వ్యక్తిని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి. ఎస్సై గారికి ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

ఇక తమ్ముడి సంగతి. ముందు డాక్టరుకు చూపించి మందులు మళ్లీ మొదలుపెట్టించండి. కాస్త కుదుటపడ్డాక పక్కన కూర్చుని, “ఆ రాత్రి నాకు చాలా భయమేసిందిరా. మళ్లీ అలా అయితే ఎవర్ని పిలవమంటావు?” అని అడగండి. తనకు ఎలాంటి వైద్యం కావాలో, తన తరఫున ఎవరు నిలబడాలో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా ఆ చట్టం వాడికిచ్చింది. కాగితం, పెన్ను వాడి చేతికే ఇవ్వండి.