ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే ఏటీఎం కార్డు పాడవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు పెన్షన్ ఏటీఎం కార్డును ఫోన్ ఫ్లిప్ కవర్‌లోనే పెట్టుకుంటారు. ఆ కవర్ మూతకు అయస్కాంతం ఉంది. ఈమధ్య ఊరెళ్లినప్పుడు హోటల్ గది తాళం కార్డును కూడా అందులోనే పెట్టారు. సాయంత్రానికి దానితో తలుపు తెరుచుకోలేదు. ఇక బ్యాంకు కార్డు కూడా పోయినట్టేనని ఆయనకు ఒకటే టెన్షన్. నిజంగా పోతుందా అండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, హోటల్ కార్డును ఆ కవరే చెడగొట్టి ఉండొచ్చు. బ్యాంకు కార్డు మాత్రం అంత తేలిగ్గా లొంగదు.

కార్డు వెనక ఉండే నల్లటి పట్టీలోనే అయస్కాంత రూపంలో వివరాలు రాసి ఉంటాయి. పట్టీ ఉన్న హోటల్ కార్డులను అతిథి మారినప్పుడల్లా చెరిపి మళ్లీ రాయాలి కాబట్టి తేలిగ్గా చెరిగే పట్టీ వాడతారు. చెరగకుండా తట్టుకునే దాని బలం సుమారు 300 ఓర్‌స్టెడ్లు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం). బ్యాంకు కార్డు పట్టీది సాధారణంగా 2,750. ఫ్రిజ్‌కు అంటించే బొమ్మలు దాన్ని ఏమీ చేయలేవు. కొన్ని కవర్లలో నియోడైమియం అనే లోహం కలిసిన చిన్న అయస్కాంత బిళ్లలు ఉంటాయి, వాటి శక్తి ఎక్కువ. రోజూ పట్టీకి ఆనుకుని ఉంటే చెరిపేయగలవు. కాస్త ఎడం ఉంటే చాలు, వాటి ప్రభావం బాగా పడిపోతుంది.

ముందువైపు చిప్ సంగతి వేరు. అందులో సమాచారం విద్యుత్ రూపంలో ఉంటుంది, ఇలాంటి అయస్కాంతాలు దాన్ని చెరపలేవు. ఉత్త పట్టీ కార్డులన్నిటినీ 2018 చివరికల్లా మార్చమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కాబట్టి నాన్నగారి కార్డుకు చిప్ ఉండే ఉంటుంది. దుకాణంలో మెషీన్‌లో పెట్టినా, పైన ఆనించినా పనిచేసేది ఆ చిప్పే.

అయితే కార్డును లోపలికి లాక్కునే కొన్ని ఏటీఎంలు ముందు పట్టీని గుర్తిస్తేనే నోరు తెరుస్తాయి. దుకాణంలో బాగా పనిచేసిన కార్డును అలాంటి ఏటీఎం తీసుకోకపోతే, వేరే ఏటీఎంలోనూ చూడండి. అక్కడా అంతే అయితే పట్టీని అనుమానించి బ్యాంకులో కొత్త కార్డు అడగండి.

బ్యాంకులో కార్డుల సెక్షన్‌లో ఉన్నప్పుడు నా దగ్గరికి "అయస్కాంతం తగిలిందండీ" అంటూ తెచ్చిన కార్డుల్లో చాలావాటి జబ్బు వేరు. వెనక జేబులో పెట్టుకుని కూర్చోవడం వల్ల వంగిపోయినవి, చిప్ మీద మురికి పట్టినవి. పొడి మెత్తటి గుడ్డతో చిప్ తుడిస్తే కొన్ని అక్కడికక్కడే పనిచేసేవి.

ఎంఆర్ఐ గదిలోకి మాత్రం కార్డు తీసుకెళ్లనివ్వకండి, పట్టీ చెరిగిపోతుంది. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జర్‌కూ ఫోన్‌కూ మధ్య కార్డు పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే చెబుతోంది.

నాన్నగారికి ఇంకొక్క మాట తప్పకుండా చెప్పండి. ఏటీఎం కార్డు తీసుకోవట్లేదని ఆగిపోతే, "ఇలా ఇవ్వండి పెద్దాయనా, నేను చూస్తా" అంటూ వచ్చే అపరిచితుడి చేతికి కార్డు ఇవ్వొద్దు. క్షణంలో కార్డు మార్చేస్తారు, పిన్ నొక్కేటప్పుడు చూసేస్తారు. పెన్షన్ డబ్బుకు అయస్కాంతం కన్నా ఆ మనిషి వల్లే పెద్ద ప్రమాదం. బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరు కార్డు వెనకే ఉంటుంది. కార్డు చేజారినా ఆ నంబరు దొరికేలా ఈరోజే దాన్ని ఆయన ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి.