అది గోదావరి కాదు, చిన్నీ

చిరంజీవి చిన్నీకి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాలూ మాల్దీవులకు వెళ్తున్నారని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో కంగారు. నాకు ముందు గర్వంగానే అనిపించింది, రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. మూడేళ్లు అక్కడ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కదా, నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

పాస్‌పోర్టు నకలు వేరే సంచిలో పెట్టుకో. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఐముగా అనే ప్రయాణికుల వివరాల ఫారం ఆన్‌లైన్లో నింపాలి. వీసా దిగాక ఇస్తారు. మీ అమ్మ నీ పెట్టెలో దాచే వినాయకుడిని ఇంట్లోనే ఉంచు: పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం దేశంలోకి రానివ్వరు. ఈ-సిగరెట్లు 2024 నుంచి నిషేధం. నీకు అవసరం లేదనుకుంటాను, నీ స్నేహితురాలికి చెప్పు.

మీరు దిగేది రిసార్టులో కాదు, మాఫుషి అనే దీవిలో అట. మంచిదే. మా రోజుల్లో జనం కాపురముండే దీవుల్లో పర్యాటకులకు బస ఉండేది కాదు, 2009 తర్వాతే గెస్ట్‌హౌసులు వచ్చాయి. అంటే మీ గది పక్కనే బడి, మసీదు, ఎవరిదో వంటిల్లు. ఈత దుస్తులకు 'బికినీ బీచ్' అని విడిగా కేటాయించిన తీరం ఉంటుంది. అది దాటి వీధిలోకి వస్తే భుజాలు, మోకాళ్లు కప్పుకో. ఈ మాటకు మూతి ముడవకు.

మనుషుల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా నీళ్ల గురించే.

1996లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. అక్కడ శుక్రవారం సెలవు. మగవాళ్లంతా జుమా నమాజుకు వెళ్లారు, దుకాణాలు మూసేశారు, దీవి అంతా నిశ్శబ్దం. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని గవ్వలు ఏరుకుంటూ మోకాటి లోతు నీళ్లలో పగడపు దిబ్బ అంచుదాకా నడిచాను. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లని, నాకు ఈత రాకపోవడమేమిటి అన్న పొగరు! అప్పుడు ఆటు. దిబ్బ లోపలి నీళ్లన్నీ పడవలు వచ్చే సందులోంచి సముద్రంలోకి తిరిగిపోతున్నాయి. కాలి కింద ఇసుక జారింది, అంతే. గోదావరిలో కొట్టుకుపోతే ఏదో ఒక రేవో, లంకో తగులుతుంది. అక్కడ కొట్టుకుపోతే ముందున్నది నడిసముద్రం. నేను ఒడ్డుకేసి ఎదురీదాను, అదే పెద్ద తప్పు. పది బారలు వేస్తే ఇరవై బారలు వెనక్కి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంది. గుప్పిట్లో గవ్వలు మాత్రం వదల్లేదు, చూడు నా బుద్ధి.

చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ చూసి కేకలు వేసింది. మసీదులోంచి నలుగురు పరుగెత్తుకొచ్చి దోణి తీశారు (మన దోనె లాంటి పేరే, లే). ఆ సాయంత్రం దీవి పెద్ద కతీబు మా గది ముందుకొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన భార్య వేడి వేడి గరుధియా గిన్నె చేతికిచ్చింది. చేపల చారు. పుట్టి బుద్ధెరిగి నీచు తాకనిదాన్ని, వణుకుతూ మొత్తం తాగేశాను.

అందుకని, ఆటుపోట్ల వేళలు గెస్ట్‌హౌసు వాళ్లను అడగకుండా నీళ్లలోకి దిగకు. ఒంటరిగా అసలే వద్దు, శుక్రవారం మధ్యాహ్నం మరీ వద్దు. లాగేస్తే ఎదురీదకు, పక్కకు ఈదు, చెయ్యెత్తి పిలువు. సిగ్గుపడి ఊరుకోకు, నేను సిగ్గుతోనే చాలాసేపు అరవలేదు. పగడాలు తెస్తే నేరం, కాబట్టి నాకేమీ తేవద్దు.

పడవ దిగగానే ఫోను చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించకు. ఆ చారు సంగతి వాడికి ఇప్పటికీ తెలియదు, మునిగిన సంగతి కూడా.

మీ అత్తయ్య