బ్రేకు ఫెయిలైతే తప్పు నాదెలా అవుతుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం. కారు కొని పదకొండేళ్లు. ఒక గ్యారేజీలో ముందు చక్రాలకు బ్రేకు ప్యాడ్లు మార్పించి, బ్రేకులన్నీ చెక్ చేయమన్నాను. బిల్లు ఉంది. తొమ్మిదో రోజు సింహాచలం కొండ దిగుతుంటే పెడల్ నేలకు అంటుకుపోయింది. ముందున్న ఆటోను గుద్దాను, డ్రైవరు కాలు విరిగింది. బ్రేకు ఆయిల్ పైపు లీకైందని తర్వాత తెలిసింది. పోలీసులు నా మీద కేసు పెట్టారు. ‘పాత పైపు పోతే మాకేం సంబంధం’ అంటున్నారు గ్యారేజీవాళ్లు. బ్రేకు ఫెయిలైతే తప్పు నాదెలా అవుతుంది?

జవాబు: ముందు కారు జోలికి ఎవర్నీ రానివ్వకండి. రిపేరు తర్వాత చూసుకోవచ్చు. లీకైన ఆ పైపు మెకానిక్ చేతిలోంచి పాత సామాన్ల డబ్బాలోకి వెళ్లిందంటే మీ కేసు కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

ప్రమాదం చేసిన బండిని మోటారు వాహన చట్టం 136వ సెక్షన్ కింద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (రవాణా శాఖ మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) పరిశీలిస్తారు. ఆ రిపోర్టులో ‘ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు’ అన్న ఒక్క వాక్యం పడితే దాన్ని తిప్పికొట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే లీకు సంగతి ఇన్‌స్పెక్టరుకూ, ఎస్సైకీ ఈరోజే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. చక్రం లోపలివైపు తడి, పైపు, ఆయిల్ డబ్బాలో మట్టం, అన్నిటికీ ఫొటోలు తీయండి.

లీకు ఎక్కడన్నదే అసలు ప్రశ్న. ప్యాడ్లు మార్చేటప్పుడు వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌ను విప్పుతారు. దాన్ని తీగతో కట్టి నిలబెట్టాలి. తొందరలో అలాగే వదిలేస్తే దాని బరువంతా బ్రేకు ఆయిల్ వెళ్లే రబ్బరు గొట్టం (హోస్) మీద పడి లోపల చిరుగుతుంది. మీ లీకు అక్కడుంటే గ్యారేజీ చేతి పని అనడానికి బలమైన ఆధారం. కారు అడుగున ఇనుప గొట్టం తుప్పు పట్టి పోయి ఉంటే ‘మేం ముట్టుకోలేదు’ అంటారు. అప్పుడు కూడా బిల్లులో ‘బ్రేక్ చెకప్’ అని ఉంటే, చూడాల్సినది చూడకపోవడం సేవాలోపమే. బిల్లు ఒకసారి తీసి ఆ మాట ఉందో లేదో చూడండి.

ఇక మీ తప్పు సంగతి. ‘బ్రేకు ఫెయిలైంది’ అంటే చాలదని 1977లోనే మిను బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లోపం ఉందని, తగిన జాగ్రత్త తీసుకున్నా అది బయటపడలేదని యజమానే రుజువు చేయాలి. అది పరిహారం కేసు. క్రిమినల్ కేసులో మీ నిర్లక్ష్యాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. కాలు విరిగింది కాబట్టి మీ మీద భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(బి) (నిర్లక్ష్యం వల్ల తీవ్ర గాయం) సెక్షన్లు పెట్టి ఉంటారు. అక్కడ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, సర్వీసు బిల్లు మీకు పెద్ద అండ.

కానీ ఒక గట్టి ప్రశ్నకు సిద్ధపడండి. కార్లలో బ్రేకు ఆయిల్ రెండు వేరు దారుల్లో వెళుతుంది. ఒకటి లీకైనా రెండోది కొంతైనా పట్టాలి. ‘అంతకు ముందు రోజుల్లో పెడల్ మెత్తబడలేదా, మీటరులో ఎర్ర లైటు వెలగలేదా, అయినా కొండ ఎందుకెక్కావు?’ అని అవతలి లాయరు అడుగుతారు. వెలిగి ఉంటే ఆ నిజం మీ లాయరుకు ముందే చెప్పండి. దాచి బోనెక్కితే మిగతా నిజాలను కూడా కోర్టు నమ్మదు.

గ్యారేజీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. సేవకు మీరిచ్చిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. ముందుగా లాయరు నోటీసు పంపండి. దానికి వాళ్లిచ్చే జవాబు కూడా రేపు సాక్ష్యమే.

ఇన్సూరెన్స్ వాళ్లకు వెంటనే తెలపండి. సమగ్ర పాలసీ అయితే గుద్దినందువల్ల కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ ఉంటుంది. పాడైన పైపు ఖరీదు మాత్రం రాదు, అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపుల్లో ఉంటాయి. ఆటో డ్రైవరు పరిహారం థర్డ్ పార్టీ కవరు కింద బీమా కంపెనీ చెల్లించాల్సింది. ఆయన మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి చట్టంలో రాసిన గడువు ఆరు నెలలు. మీ పాలసీ కాపీ, ఎఫ్ఐఆర్ నంబరు మీరే వెళ్లి ఆయన ఇంట్లో ఇచ్చి రండి. కాలు విరిగి మంచంలో ఉన్న మనిషి ఆ కాగితాల కోసం స్టేషన్ చుట్టూ తిరగలేడు.